పేరుగల కత్తి, పేరులేని ఉక్కు

ఒక జాతి తన రాజులనెట్లు గౌరవించినదో శాసనములు చెప్పును. తన పనివారినెట్లు గౌరవించినదో తెలిసికొనవలెనన్నచో ఆ పనివారి చేతినుండి వెలువడిన వస్తువులనే అడుగవలెను. ఈ పరీక్షకు ఖడ్గమువంటి వస్తువు మఱొకటి లేదు. అది కమ్మరి కొలిమిలో పుట్టి రాజు నడుమున వ్రేలాడినది. ఒకరి శ్రమయు, వేఱొకరి కీర్తియు ఒక్క లోహఖండమునందు కలిసియున్నవి. దానిమీద ఎవరి పేరు నిలిచినదను ప్రశ్న చిన్నదిగా తోచును గాని దాని సమాధానమునందు ఒక సంఘముయొక్క చరిత్ర యిమిడియున్నది.

జపాను దేశపు కత్తికి పిడిని పట్టియుంచునది ఒక చిన్న వెదురు చీల. దానిని తీసినచో పిడి ఊడివచ్చును. పిడిలో దాగియుండిన భాగము, మన మాటలలో కత్తి తోక, బయటపడును. పెక్కు కత్తుల తోకలమీద ఉలితో చెక్కిన అక్షరములుండును. అవి యేలినవాని బిరుదములు కావు. చేసినవాని పేరు, అతని ఊరు, ఒక్కొక్కప్పుడు చేసిన సంవత్సరము. కత్తి తక్కిన భాగమంతయు అద్దమువలె మెఱయుచుండగా ఈ తోకను మాత్రము వారు ఎన్నడును తోమరు. దానికి పట్టిన నల్లని త్రుప్పే దాని వయస్సునకు సాక్ష్యము. తెలియక దానిని గీకి శుభ్రపఱచినవాడు కత్తి విలువను తన చేతులతోనే పోగొట్టుకొనినవాడగును.

ఇట్టి కత్తులను సేకరించుట, వానిలోని పనితనమును గుర్తించుట జపానులో శతాబ్దములుగా ఒక విద్యగా పెరిగినది. హొనామి అను కుటుంబమువారు తరతరములుగా కత్తుల నిర్ణేతలై, పేరు చెక్కని కత్తినిగూడ చూచి ఇది యే దేశపు పని, యే గురువు శిష్యుని చేతిపని యని చెప్పుచుండిరి. 1719లో షోగను యొషిమునె ఆజ్ఞచేత ప్రసిద్ధ ఖడ్గముల పట్టిక యొకటి తయారయ్యెను. పదునాలుగవ శతాబ్దారంభమున సగామి ప్రాంతమున పనిచేసిన మసమునె అను కమ్మరి పేరు ఆ దేశమున పిల్లలకుగూడ తెలియును. మన దేశమున పిల్లలకు తెలిసిన కమ్మరి పేరొక్కటి చెప్పుమని యడిగినచో మనమేమి చెప్పగలము?

ఆ కత్తి తయారగు విధమును కొంచెము తెలిసికొనినగాని దాని గొప్పదనము బోధపడదు. నదులయందును కొండచఱియలయందును దొరకు ఇనుప యిసుకను మట్టికొలిమిలో బొగ్గుతో కలిపి మూడు పగళ్లు, మూడు రాత్రులు ఎడతెగక కాల్తురు. ఒక్క కాల్పునకు సుమారు 10 టన్నుల ఇసుకయు, 12 టన్నుల బొగ్గును పట్టును. తుదకు కొలిమిని పగులగొట్టినచో సుమారు రెండున్నర టన్నుల ముద్ద లభించును. అందులో కత్తికి పనికివచ్చు మేలైన ఉక్కు సగమునకంటె తక్కువ. ఆ ముక్కలను ఏఱి, వేడిచేసి, సమ్మెటతో సాగగొట్టి, మడచి, మరల సాగగొట్టుదురు. ఇట్లు పది పదునైదు మడతలు వేయుదురు. పదునైదు మడతలు వేసినచో పొరలు ముప్పదివేలు దాటును. ఈ మడతలచేత లోపలి మలినములు పోవును. ఉక్కు అంతట ఒకే తీరుగ నగును. కఱ్ఱలోని చారలవంటి సన్నని గీతలు ఏర్పడును. పై తొడుగునకు గట్టి ఉక్కును, లోపలికి మెత్తని ఇనుమును వాడి రెండింటిని ఒక్కటిగ అదుకుట సాధారణ పద్ధతి. గట్టిదనముచేత వాదర నిలుచును. మెత్తదనముచేత కత్తి విఱుగదు.

అన్నింటికంటె సూక్ష్మమైన పని పదును పెట్టుట. కత్తికి మట్టిపూత పూయుదురు: వీపున మందముగాను, వాదరయందు పలుచగాను. పిదప కాల్చి నీటిలో ముంచినప్పుడు పలుచని పూతగల వాదర వెంటనే చల్లారి మిక్కిలి కఠినమగును. వీపు మెల్లగ చల్లారి మెత్తగ నిలుచును. రెండింటికిని సంధియైనచోట తెల్లని పొగమంచువంటి అంచు కత్తి పొడవునను ఏర్పడును. అది అలలవలెనో, పూరేకులవలెనో, తిన్నని గీతవలెనో యుండుట కమ్మరి వేసిన పూతనుబట్టి యుండును. ఆ ముంచుటయందే కత్తి వంపు తేలును. ఆ ముంచుటయందే పగులుటయు కలదు. పలుదినముల శ్రమ ఒక్క క్షణమున వ్యర్థము కావచ్చును. రంగు చూచి వేడిని గుర్తించుటకై కమ్మరి ఆ పనిని చీకటిలో చేయును. ఈ విద్యకు ఉష్ణమాపక యంత్రము లేదు, కన్నే యంత్రము.

ఈ విధముగ పొగడుచు పోయినచో సగము సత్యమే చెప్పినట్లగును. ఖడ్గము చంపుటకు చేయబడిన వస్తువు. ఎడో కాలమున జపానులో కత్తుల వాడిని మరణదండన పొందిన నేరస్థుల శవములమీద పరీక్షించి, ఆ ఫలితమును బంగారు అక్షరములతో తోకమీద చెక్కించుకొనిన యజమానులుండిరి. 1588లో టొయొటొమి హిదెయొషి రైతుల యిండ్లనుండి కత్తులన్నింటిని లాగికొని, ఆ ఇనుము బుద్ధుని మహాలయమునకు మేకులగునని చెప్పెను. దానివలన ఆయుధము ఒక వర్గమునకు గుర్తుగను, రైతు అణకువకు కారణముగను పరిణమించినది. ఇరువదవ శతాబ్దపు యుద్ధములలో కర్మాగారములయందు వేలకొలది కత్తులు చేయించి సైనికాధికారుల నడుములకు కట్టిరి. వీరధర్మమను పేరిట ఆ కత్తులు చైనా దేశమున చేసిన ఘోరములను మఱచి, కత్తి అంచులోని పొగమంచును మాత్రము మెచ్చువాడు రసికుడు కాడు, కన్నులు మూసికొనినవాడు. పనితనమును గౌరవించుట వేఱు, ఆ పనితనముతో చేసిన హింసను గౌరవించుట వేఱు. ఈ రెండింటిని విడదీయగల వివేకము లేనివాడు పాతకత్తిని ముట్టకుండుటయే మేలు.

కాలము మాఱినప్పుడు ఆ కత్తులకేమి గతి పట్టినదో చూడదగినది. 1876లో మెయిజీ ప్రభుత్వము బహిరంగముగ కత్తి ధరించుటను నిషేధించెను. కమ్మరులకు పని పోయినది. కొందఱు వంటకత్తులు, కొందఱు కొడవళ్లు చేసి బ్రదికిరి. విద్య నశింపకుండుటకు చక్రవర్తి వారిలో కొందఱిని పోషించెను. 1906లో గస్సన్ సదకజు, మియమొటొ కనెనొరి అను ఇద్దఱు ఖడ్గశిల్పులను రాజాస్థాన శిల్పులుగ నియమించిరి. 1945లో జపాను లొంగిపోయిన పిమ్మట విజేతల సైన్యము ఆయుధములన్నింటిని స్వాధీనము చేసికొనెను. ఎన్నియో కత్తులు కరగిపోయెను, ఎన్నియో సముద్రముపాలయ్యెను, ఎన్నియో సైనికుల మూటలలో అమెరికా చేరెను. మసమునె చేసిన ప్రఖ్యాత ఖడ్గమొకటి అప్పుడు పోలీసు ఠాణాకు అప్పగింపబడి, ఆపై మఱి కనబడలేదు. అయినను వారు నిరాశపడలేదు. కళాఖండములైన కత్తులను యుద్ధపు కత్తులనుండి వేఱుచేయుమని వాదించి నెగ్గిరి. 1948లో ఖడ్గకళా సంరక్షణమునకు సంఘము స్థాపించిరి. 1977లో ఆ సంఘము షిమనె ప్రాంతమున పాతపద్ధతి కొలిమిని మరల వెలిగించెను. నేడు అక్కడ కత్తి చేయదలచినవాడు అనుమతిగల గురువునొద్ద అయిదేండ్లకు తక్కువ కాకుండ శుశ్రూష చేసి పరీక్షలో నెగ్గవలెను. తరువాతనైనను నెలకు రెండు పెద్దకత్తులకు మించి చేయరాదు. తొందరపాటు పనిని పాడుచేయునని వారికి తెలియును.

ఇక మన యింటివైపు తిరుగుదము. ఉక్కునందు మనము జపానువారికి తీసిపోయినవారము కాము. కొన్ని విషయములందు ముందున్నవారము. తెలంగాణమున నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము అను గ్రామమున్నది. అక్కడి కమ్మరులు రెండు వేర్వేఱు చోట్లనుండి తెచ్చిన ఇనుములను పాళ్లు తప్పక కలిపి, ఊక కలిపిన మట్టితో చేసిన మూసలలో ఉంచి, మూతవేసి, తిత్తులతో ఊది కరగించి ఉక్కు బిళ్లలు చేయుచుండిరి. మహాసర్వేక్షణమున పనిచేసిన హెన్రీ వాయ్సీ అను వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఈ పనిని కన్నులార చూచి వ్రాసెను. అతడు 1824లో మరణింపగా, ఆ వ్రాత 1832లో కలకత్తాలో అచ్చయ్యెను. ఆ ఊరికి పారశీక దేశపు ఇస్ఫహాను నుండి వర్తకులు వచ్చి, దగ్గర కూర్చుండి, ఇనుము తూకమును స్వయముగ చూచుకొని ఉక్కు కొనిపోవుచుండిరి. డమాస్కసు కత్తులని ప్రపంచము పొగడిన పారశీక, అరబ్బు ఖడ్గములలో ప్రసిద్ధమైనవి ఇట్టి దక్షిణదేశపు ఉక్కుతో చేయబడినవి.

ఈ రెండు విద్యలకును గల భేదము గమనింపదగినది. జపాను కత్తిలోని చారలు మడతలవలన పుట్టినవి. మన ఉక్కుతో చేసిన కత్తిమీది నీటియలలవంటి చారలకు మడతలు కారణము కావు. మూసలో కరగి మెల్లగ చల్లారిన ఉక్కులో బొగ్గుసారము మిక్కుటముగ, నూటికి ఒకటి మొదలు రెండు పాళ్లవఱకు, ఉండును. దానిని ఎఱ్ఱవేడిమి మించనీయక ఓపికతో సాగగొట్టినప్పుడు కఠినమైన కణములు వరుసలు తీరి చారలగును. ఈ మర్మము తెలియని ఐరోపా కమ్మరులు తమ అలవాటుచొప్పున తెల్లవేడిమికి కాల్చి కొట్టగా ఆ ఉక్కు పెళుసై ముక్కలయ్యెను. 1795లో జార్జి పియర్సను లండను రాయల్ సొసైటీవారికి ఈ ఉక్కునుగూర్చి వ్యాసము సమర్పించెను. మన ఉక్కు అను మాటయే వారి నోట ఊట్జు అయ్యెను. విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే 1819 మొదలు కొన్ని సంవత్సరములు దీని రహస్యముకొఱకు ప్రయోగములు చేసెను. ఇరువదవ శతాబ్దాంతమున అమెరికాలో వెర్‌హోవెన్ అను శాస్త్రజ్ఞుడును, పెండ్రే అను కమ్మరియు కలిసి పనిచేసి, ఇనుములో లేశమాత్రముగనున్న వనాడియమువంటి ధాతువులు ఆ చారలకు కారణమని చూపిరి. అక్కడ ఆచార్యుడును కమ్మరియు ఒకే పత్రముమీద తమ పేర్లు కలిపి వ్రాసికొనిరి. ఇది మనము రెండుమాఱులు ఆలోచింపవలసిన విషయము.

ఏలయన, కోనసముద్రపు కమ్మరి పేరొక్కటియైనను మనకు మిగులలేదు. ఆంగ్లేయ వైద్యుని పేరు మిగిలినది. కొనుటకు వచ్చిన వర్తకుని ఊరు మిగిలినది. తిత్తి యూదినవాడు, మూస చేసినవాడు, పాళ్లు తెలిసినవాడు గాలిలో కలిసిపోయిరి. ఆ గ్రామమున్న మండలమునకు కమ్మర్‌పల్లి యను పేరుండుటయే వారికి మిగిలిన స్మారకము. మన శాస్త్రములయందు ఖడ్గముగూర్చి లేదని కాదు. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు ఖడ్గలక్షణమునకు ఒక అధ్యాయమే కేటాయించెను. ఏబది అంగుళముల కత్తి ఉత్తమమనియు, ఏ అంగుళమున మచ్చయున్న ఏమి ఫలమనియు, ఏ కోరికగలవాడు కత్తికి దేనితో పదునుపెట్టింపవలెననియు అందు చెప్పబడినది. అది యంతయు కత్తి పట్టువాని శుభాశుభముల విచారము. కత్తి చేసినవాని ఊసు అందు లేదు. చదువు ఒకచోట, చేతిపని వేఱొకచోట నివసించిన దేశమున శాస్త్రమట్లే యుండును. కమ్మరికి వ్రాత రాకపోవుట, వ్రాత వచ్చినవాడు కొలిమి దగ్గఱకు పోకపోవుట, ఈ రెండును ఒకే వ్యాధికి రెండు ముఖములు. జపానునందును వర్గభేదములు లేకపోలేదు. కాని అక్కడి కమ్మరి చేతిలో సమ్మెటతోపాటు అక్షరము చెక్కు ఉలియు నుండెను.

ఈ సందర్భమున ఒక చిన్న వృత్తాంతము చెప్పదగియున్నది. పదునేడవ శతాబ్దారంభమున ఎచిజెన్ యసుత్సుగు అను జపాను కమ్మరి తన కత్తుల తోకలమీద తన పేరుతోపాటు, ఇది దక్షిణ విదేశీయుల ఇనుముతో చేయబడినది, అను అర్థమిచ్చు అక్షరములు చెక్కుచుండెను. అది పోర్చుగీసు, డచ్చి ఓడలమీద జపాను చేరిన ఇనుము. ఆ శతాబ్దముననే డచ్చివారు మన మచిలీబందరు రేవునుండి కోస్తా ప్రాంతపు ఇనుమును, ఉక్కును బటావియాకు ఎగుమతి చేయుచుండిరి. ఈ రెండు వార్తలను కలిపి, అతని కత్తిలో తెలుగునాటి ఉక్కే యున్నదని చాటుట తొందరపాటగును. దేశాభిమానము సాక్ష్యమునకు బదులు కాజాలదు. కాని ఒక నీతి మాత్రము నిశ్చయము. ముడిసరకు దూరదేశమునుండి వచ్చినదని అతడు దాచలేదు, వ్రాసిపెట్టెను. ఆ ముడిసరకు పంపినవారి వైపున వ్రాసిపెట్టినవాడు లేకపోవుటచేతనే నేడు మనము ఊహలతో తృప్తిపడవలసివచ్చినది.

ఉన్నదానినైనను మనము నిలుపుకొంటిమా? 1855లో తంజావూరు చివరి రాజు పుత్రసంతానము లేక మరణింపగా ఆ రాజ్యము కంపెనీపాలయ్యెను. నాయక రాజుల కాలమునుండి నిండిన అచటి ఆయుధశాల మద్రాసు చేరెను. 1860వ దశకమున అందులో కొన్నింటిని మ్యూజియమునకై ఏఱితీసి, తక్కిన రాశిని విఱుగగొట్టి పాత ఇనుముక్రింద అమ్మివేసిరి. ఆ చేసినది పరప్రభుత్వమనవచ్చును. కాని నేడు మన గ్రామములలో ఇండ్ల అటకలమీదనున్న పాతకత్తిని తూకమునకు వేయువారు పరదేశులు కారు.

హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియము మనకు కొంత ఊరట. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించువఱకు తన ఆస్తినంతయు కళావస్తువుల సేకరణమునకు ధారపోసెను. 1951లో అవి ప్రజల దర్శనమునకు ఉంచబడెను. 1961లో పార్లమెంటు చట్టముచేత ఆ సంస్థ జాతీయ ప్రాముఖ్యముగలదిగ గుర్తింపబడెను. అందు మొగలాయి, దక్కను ఖడ్గములు ఒకచోటను, జపాను ఖడ్గములు వేఱొకచోటను గలవు. ఒకే కప్పుక్రింద రెండు ఉక్కువిద్యలను పోల్చిచూచు భాగ్యము తెలుగువారికున్నది. కాని అక్కడికి పోవు జనులలో అధికులు గంట కొట్టు గడియారమునొద్ద గుమికూడుదురు; కత్తులయొద్ద ఇది ఏ నవాబుది, అది ఏ సుల్తానుది యని మాత్రము చదివి సాగిపోవుదురు. ఉక్కు చారలను చూచుటకు వంగువారు అరుదు. యజమాని పేరు చదువుట అలవాటైన కన్నులకు పనివాని వ్రాలు కనబడదు.

మా మార్కాపురము సీమ ఉక్కునకు పేరుపొందినది కాదు, పలకరాతికి పేరుపొందినది. భూగర్భ శాస్త్రజ్ఞులు కంభము పేరిట వ్యవహరించు పొరలలోని రాయి అది. గని పనివాడు ఉలిని ఏ సందున ఆనించిన రాయి పగులక పొరగ విచ్చునో, దెబ్బ మ్రోత వినియే రాయి మంచిచెడ్డలు ఎట్లు చెప్పవలెనో ఏ పుస్తకమునను చదువుకొనలేదు. తెలుగు పిల్లలు, పరరాష్ట్రముల పిల్లలు ఎందఱో ఆ పలకలమీద ఓనమాలు దిద్దిరి. అక్షరమునకు ఆధారమైన ఆ పలకమీద దానిని చీల్చినవాని పేరు వ్రాసినవారు లేరు. పలకల వాడుక తగ్గి ఈ విద్యయు సన్నగిల్లుచున్నది. కోనసముద్రమునకు పట్టిన గతి దీనికి పట్టకముందే బడిపిల్లలచేత ఆ పనివారి మాటలను, వారి పనిముట్ల పేర్లను వ్రాయించి భద్రపఱచుట అసాధ్యమైన పని కాదు. బడిలో జరుగదగిన చరిత్రపాఠములలో దీనికంటె మేలైనది లేదు.

ఇక చదువరుల యిండ్లలో పాతకత్తియో, కటారియో యున్నచో చేయవలసినది స్వల్పము. దసరానాడు ఆయుధపూజకు దానిని ఇటుకపొడితోను చింతపండుతోను తోమవలదు. ఆ రుద్దుడుచేత ఉక్కు చారలు చెరగును. అక్షరములున్నచో అవియు అరుగును. పొడిగుడ్డతో తుడిచి, పలుచగ నూనె పూసి, తేమ తగులనిచోట ఉంచిన చాలును. పిడి సడలినను క్రొత్తపిడి వేయింపవలదు. ఎవరినుండి వచ్చినది, ఎన్ని తరములుగ ఉన్నది, పెద్దలేమి చెప్పిరి అనునవి ఒక కాగితముమీద వ్రాసి దానితో ఉంచవలెను. నూఱేండ్లు దాటిన కళావస్తువులను ప్రాచీన వస్తువులుగ పరిగణించుచు, ప్రభుత్వానుమతి లేక వానిని దేశము దాటింపరాదని 1972 నాటి చట్టము శాసించుచున్నది. కావున దళారి చూపు ధనమునకు ఆశపడక, ఇంట ఉంచుకొనజాలనివారు మ్యూజియమునకు ఇచ్చుట ఉభయతారకము.

వస్తువును దాచుటతో బాధ్యత తీఱదు. జపానువారు కత్తులను కాపాడుకొనుటకంటె ముందు కత్తి చేయువానిని కాపాడుకొనిరి. కావుననే వారి మ్యూజియములలోని కత్తులకు నేటికిని బంధువులున్నారు. మన మ్యూజియములలోని ఖడ్గములు బంధువులు లేని వృద్ధులవలె అద్దముల వెనుక కూర్చున్నవి. మన వీధిలోని కమ్మరి కొడుకు బడికి వచ్చినప్పుడు అతని తండ్రి విద్య విద్యయేనని చెప్పగల ఉపాధ్యాయుడును, తన బిడ్డ కొలిమి దగ్గఱ నిలిచి చూచుట చిన్నతనము కాదని తలచు గృహస్థుడును ఏర్పడిననాడు, ఆ ఖడ్గములకు మరల బంధువులు పుట్టుదురు.